నీటి లెక్క తేలేవరకు లద్దాఖ్ భూమిని పంచకండి

లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంత పాలనా యంత్రాంగానికి, కేంద్ర హోం, జలశక్తి, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖల ఉన్నతాధికారులకు, లేహ్, కార్గిల్ పర్వతాభివృద్ధి మండళ్ల సభ్యులకు బహిరంగ లేఖ

మాన్యులారా,

లద్దాఖ్‌లో ఏ భూమిని ఏ అవసరానికి కేటాయించదలచినా, ఆ భూమితో ముడిపడిన నీటి లెక్కను ముందుగా ప్రజల ముందు ఉంచాలనీ, ఆ నీటిమీద బతికే గ్రామాల, పశుపోషకుల సమ్మతి పొందిన తరువాతే నిర్ణయం తీసుకోవాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. తమ నేల గురించి తమను అడగాలని అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి విన్నవిస్తూనే ఉన్నారు. లద్దాఖ్‌ను రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు స్వయంపాలక మండళ్లను ఇచ్చే ఆరో షెడ్యూలు పరిధిలోకి తేవాలని జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ 2019 సెప్టెంబరులోనే సిఫారసు చేసింది. 2024 మార్చిలో లద్దాఖ్‌కు చెందిన ఇంజనీరు, ఉద్యమకారుడు సోనమ్ వాంగ్‌చుక్ గారు ఎముకలు కొరికే చలిలో 21 రోజులు నిరాహార దీక్ష చేశారు. ఆ తరువాతి నెలలో, తూర్పు లద్దాఖ్‌లోని చంగ్‌థంగ్ పీఠభూమి మేతభూముల పరిస్థితిని దేశానికి చూపించడానికి తలపెట్టిన పాదయాత్ర నిషేధాజ్ఞల నడుమ ఆగిపోయింది. 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో నిరసన హింసాత్మకంగా మారి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఈ ఉద్యమం గురించి రాసిన వార్తల్లో రాష్ట్ర ప్రతిపత్తి, ఆరో షెడ్యూలు అన్న మాటలు వినిపించినంతగా వాగు, ఊట, మేతభూమి అన్న మాటలు వినిపించలేదు. ఈ లేఖను నేను వాటికే పరిమితం చేస్తున్నాను.

ఎక్కడో తెలుగు నేలమీద ఉన్నవారికి లద్దాఖ్ నీటితో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. మన నగరాల నుంచి ఏటా ఎంతోమంది అక్కడికి విహారానికి వెళ్తున్నారు. అక్కడ తయారు చేయదలచిన విద్యుత్తు జాతీయ గ్రిడ్‌లోకి వస్తుంది. వీటికి మించిన కారణం మరొకటి ఉంది. నీటిని, భూమిని, చెట్లను ఒకే చట్టం కిందికి తెచ్చిన వాల్టా చట్టాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో చేసుకుంది. అప్పటికే మెట్ట జిల్లాల్లో లక్షల బోర్లు పడ్డాయి, ఊటబావులు ఎండిపోయాయి. ఆలస్యంగా వచ్చిన చట్టం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో మేము చూశాము. లద్దాఖ్‌కు ఇంకా కొంత వ్యవధి మిగిలి ఉంది.

కొన్ని మౌలిక విషయాలు మీకు తెలిసినవే అయినా, వాటిని పక్కనపెట్టి నిర్ణయాలు జరుగుతున్నట్టు కనిపిస్తున్నందువల్ల మళ్లీ చెప్పవలసి వస్తోంది. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో వానా మంచూ కలిపి ఏడాదికి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లు. కరవు సీమగా పేరుబడ్డ అనంతపురంలోనైనా సగటున 500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. లద్దాఖ్‌లో పంట పండే నేల మొత్తం విస్తీర్ణంలో ఒక్క శాతమైనా లేదు. ఆ కాస్త నేల కూడా కొండల మీది మంచు, హిమానీనదాలు కరిగి దిగే వాగుల పక్కన, వాగు తెచ్చి పరచిన ఒండ్రు మేటల మీదనే ఉంది. ఊరు ఎంత పెద్దది కావాలో, ఎన్ని కుటుంబాలు బతకాలో అక్కడ నిర్ణయించింది భూమి విస్తీర్ణం కాదు, ఎండకాలం మొదట్లో ఆ వాగులో పారే నీరు. కాబట్టి పటంలో ఖాళీగా కనిపించే వేల ఎకరాలను నిరుపయోగమైన బంజరుగా లెక్కించడం మొదటి పొరపాటు. దాని వల్ల సామాన్యులకు జరిగిన, జరగబోయే నష్టాలను కింద మనవి చేస్తున్నాను.

1. విత్తనాల వేళ నీరు దొరకడం లేదు. అక్కడ పంటకాలం చాలా చిన్నది. ఏప్రిల్, మే నెలల్లో విత్తకపోతే చలి తిరిగి వచ్చేలోగా బార్లీ గింజ కట్టదు. ఎత్తున ఉన్న హిమానీనదాలు బాగా కరిగేది జూన్ తరువాత. ఈ మధ్య కాలాన్ని దాటించేది శీతాకాలంలో పడిన మంచు. ఆ మంచు తగ్గినా, ముందే కరిగిపోయినా విత్తనాల వేళకు వాగు వట్టిపోతుంది. జంస్కార్‌లోని కుమిక్ గ్రామానికి జరిగింది ఇదే. వాగు ఎండుతూ రావడంతో తరతరాల ఊరిని విడిచి చాలా కుటుంబాలు దిగువన నదికి దగ్గరలో కొత్తగా ఇళ్లు కట్టుకోవలసి వచ్చింది.

ఈ కొరతను ఎదుర్కొనే ఉపాయాలు కూడా అక్కడివారి నుంచే వచ్చాయి. చేవాంగ్ నోర్ఫెల్ గారు అనే సివిల్ ఇంజనీరు 1987 నుంచి, శీతాకాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊరికి దగ్గరగా, నీడ ఉన్న లోయల్లో అడ్డుకట్టల వెనుక పలచగా నిలిపి గడ్డకట్టించే పద్ధతిని నెలకొల్పారు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉన్న మంచు ముందుగా కరుగుతుంది కనుక విత్తనాల వేళకు నీరందుతుంది. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2013–14 శీతాకాలంలో వాంగ్‌చుక్ గారు మొదలుపెట్టిన మంచు స్తూపాలలో, పైనుంచి గొట్టం ద్వారా వచ్చే నీరు తన ఒత్తిడితోనే ఎగజిమ్మి, గాలిలో గడ్డకట్టి శంఖువులా పేరుకుంటుంది. మంచు పరిమాణంతో పోలిస్తే ఎండ తగిలే ఉపరితలం తక్కువ కనుక అది నెమ్మదిగా కరుగుతుంది. ఇవి గొప్ప ప్రయత్నాలు. అయితే ఇవి కొత్త నీటిని పుట్టించవు, ఉన్న నీటిని ఒక కాలం నుంచి మరో కాలానికి జరుపుతాయి, అంతే. వీటిని చూపించి కొరత తీరిపోయిందనుకోవడం, ఆ ధీమాతో భూమిని కొత్త అవసరాలకు ఇవ్వడం సరికాదు. ఒక ఊరు నిలిపిన మంచు దిగువ ఊరి వంతును తగ్గిస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. దానికి వాగుల ప్రవాహాన్ని ఏడాది పొడవునా కొలిచిన అంకెలతో సమాధానం చెప్పవలసింది ప్రభుత్వమే.

2. ఊరి నీటి కట్టుబాటు బలహీనపడుతోంది. మన చెరువుల కింద నీరటికాడు చేసే పనిని అక్కడ చుర్పోన్ చేస్తాడు. ఏ కాలువను ఎప్పుడు తెరవాలి, ఎవరి పొలానికి ముందు తడి అందాలి, రాత్రి నీటిని ఊరి చెరువులో ఎలా నిలపాలి అన్నవి అతని చేతి మీదుగా జరుగుతాయి. ఈ వంతులలో చాలావాటిని, జమ్మూ కాశ్మీర్‌ను ఏలిన డోగ్రా రాజుల కాలపు భూమిశిస్తు రికార్డుల్లో రాసి ఉంచారు. గ్రామాల మధ్య తగవు వస్తే ఇప్పటికీ ఆ రాతలను చూస్తారు. అయినా కొత్త భవనానికి, రోడ్డుకు, క్యాంపుకు భూమి ఇచ్చేటప్పుడు ఆ పత్రాన్ని తీసి చూడాలన్న నియమం కనిపించడం లేదు. కాలువకు అడ్డంగా కట్టడం లేచాక చుర్పోన్ చేయగలిగింది ఏమీ ఉండదు.

3. లేహ్ పట్టణం తన అడుగునున్న నీటిని తోడేస్తోంది. 1974లో లద్దాఖ్‌ను పర్యాటకులకు తెరిచినప్పుడు వందల్లో వచ్చినవారు, 2022, 2023 సంవత్సరాల్లో 5 లక్షలు దాటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం లద్దాఖ్ మొత్తం జనాభా 2,74,289. అంటే ఆ సంవత్సరాల్లో ఆ నేల మోయవలసిన అతిథుల సంఖ్య ఇంటివారి సంఖ్యకు రెండింతలకు దగ్గరగా ఉంది. వారిలో ఎక్కువమంది మే నుంచి సెప్టెంబరు లోపు, అంటే పొలాలకు నీరు కావలసిన నెలల్లోనే వస్తున్నారు. హోటళ్లు, అతిథి గృహాలు బోర్లు వేసుకుంటున్నాయి. గొట్టం ద్వారా నీరు వచ్చే వేళకోసం, ట్యాంకరు కోసం ఎదురుచూసే కుటుంబాలు ఆ వీధుల్లోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించమని కోరుతున్నాను. లేహ్‌లో భూగర్భ జలాన్ని నింపేంత వాన లేదు. వాగు నుంచి, మట్టి కాలువల నుంచి, తడిపిన పొలాల నుంచి ఇంకిన నీరే అడుగుకు చేరి, దిగువన ఊటలుగా పైకి వస్తుంది. ఒక బార్లీ పొలాన్ని చదును చేసి హోటల్ కట్టినప్పుడు, ఇంకే నీరు తగ్గుతుంది, తోడే నీరు పెరుగుతుంది. పొలం యజమాని దృష్టిలో అది ఒక్క భూమార్పిడి. ఊట దృష్టిలో అది రెండు దెబ్బలు. భూ వినియోగ మార్పిడికి ఒక కార్యాలయం, బోరుకు మరో కార్యాలయం, హోటల్ లైసెన్సుకు ఇంకో కార్యాలయం విడివిడిగా అనుమతులు ఇస్తూ పోతే ఈ రెండు దెబ్బలూ ఏ ఒక్క దస్త్రంలోనూ కలిసి కనిపించవు. నా అభ్యంతరంలో ముఖ్యమైనది ఇదే.

4. మురుగు ఊటల్లో కలిసే ప్రమాదం పెరుగుతోంది. లద్దాఖీ ఇళ్లలో నీరు అక్కరలేని పొడి మరుగుదొడ్డి తరతరాలుగా ఉంది. పై అంతస్తులో వాడతారు, మట్టి, బూడిద చల్లుతారు, కింది గదిలో ఎరువుగా మారినదాన్ని పొలానికి చేరుస్తారు. సారం తక్కువైన ఆ నేలకు అదే బలం. దాని స్థానంలో నీటి మరుగుదొడ్లు, సెప్టిక్ గుంతలు వచ్చాయి. పట్టణమంతటినీ కలిపే మురుగునీటి వ్యవస్థ పూర్తికాకముందే హోటళ్లు పెరిగాయి. గులకరాళ్లు, ఇసుక కలిసిన ఆ ఒండ్రు మేటలో గుంతనుంచి జారిన మురుగు కిందికి చేరడానికి పెద్దగా అడ్డు ఉండదు. పొలం ఎరువును కోల్పోతుంది, ఊట శుభ్రతను కోల్పోతుంది.

5. చంగ్‌థంగ్ మేతభూములను ఖాళీ స్థలంగా చూస్తున్నారు. చంగ్‌పా పశుపోషకులు మేకలతో, గొర్రెలతో, జడల బర్రెలతో రుతువును బట్టి మకాం మారుస్తారు. పష్మీనా ఉన్ని ఇచ్చేది ఈ మేకలే. చలికాలానికని ఒక మేతభూమిని నెలల తరబడి ముట్టకుండా వదిలేస్తారు. ఆ సమయంలో వెళ్లి చూసిన అధికారికి అక్కడ మనిషీ కనిపించడు, పశువూ కనిపించదు. మేత ఎంత ఉన్నా పశువులు నడిచి వెళ్లగలిగే దూరంలో నీరు లేకపోతే ఆ మేత లేనట్టే. అందుచేత ఒక చిన్న ఊట చుట్టూ కంచె పడితే, దాని చుట్టుపక్కల ఎన్నో రెట్లు పెద్ద మేతభూమి పనికిరాకుండా పోతుంది.

2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం లద్దాఖ్‌లోని 13 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు ప్రాజెక్టు కోసం 20,773.70 కోట్ల రూపాయల అంచనాతో ప్రసార వ్యవస్థను ఆమోదించింది. లద్దాఖ్‌లోని పాంగ్ నుంచి హర్యానాలోని కైథల్ దాకా 713 కిలోమీటర్ల లైన్లు వేస్తారని ప్రకటించారు. సౌర విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాను. బొగ్గు తగ్గితేనే ఆ హిమానీనదాలకు కొంత ఊరట అని నాకు తెలుసు. అయినా సమాధానం రావలసిన ప్రశ్నలు ఉన్నాయి. కంచె వేసే ప్రాంతంలో ఎన్ని ఊటలు, ఎన్ని చిత్తడి మైదానాలు, ఎన్ని మకాం స్థలాలు ఉన్నాయి? దుమ్ము లేచే ఆ పీఠభూమిలో సౌర పలకలను శుభ్రం చేయడానికి నీరు వాడతారా? వాడితే ఎక్కడి నుంచి తెస్తారు, ఎంత తెస్తారు? నిర్మాణ కాలంలో వచ్చే కార్మికుల శిబిరాలకు నీరెక్కడిది? మంద నడిచే దారులు తెగకుండా ఏమి ఏర్పాటు చేస్తారు? పనులు ఖరారైన తరువాత ఇవి అడిగితే ప్రాజెక్టుకు అడ్డుపడుతున్నారని అంటారు. అందుకే ముందే అడుగుతున్నాను.

6. బయటికి దారిలేని సరస్సుల్లోకి చేరింది అక్కడే ఉండిపోతుంది. త్సో మోరీరి 2002లో, త్సో కర్ 2020లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. రెండూ సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్నవి, రెండింటి నుంచీ నీరు బయటికి పారదు. త్సో కర్‌కు దక్షిణాన ఉన్న స్తర్త్‌సపుక్ త్సో మంచినీటిది, పెద్దదైన త్సో కర్ ఉప్పునీటిది. ఆ రెండింటి నడుమ సమతుల్యాన్ని నిలిపేవి చుట్టూ ఉన్న ఊటలు, మంచునీటి వాగులు. లద్దాఖ్ పక్షిగా గౌరవం పొందే నల్లమెడ కొంగ గూడు కట్టేది ఇలాంటి చిత్తడి నేలల్లోనే. ఒడ్డున టెంట్ల క్యాంపులు, పచ్చికమీద వాహనాల చక్రాల జాడలు, శుద్ధిలేని మురుగు ఈ చోటుకు తగినవి కావు.

7. వాగు దారిలో ఇళ్లు లేస్తున్నాయి. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి వేళ కుంభవృష్టితో వచ్చిన బురద వరద లేహ్, చోగ్లమ్‌సర్ ప్రాంతాల్లో 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. వాన తక్కువ కనుక వరద రాదన్న నమ్మకంతో వాగు గర్భంలో కట్టడాలకు ఇంకా అనుమతించడం క్షమించరానిది.

ఈ కారణాల చేత కింది డిమాండ్లను మీ ముందు ఉంచుతున్నాను.

1. ప్రతి వాగు పరీవాహకానికి నీటి లెక్క తయారు చేయించండి. శీతాకాలపు మంచు, నెలవారీ ప్రవాహం, ఊటల సంఖ్య, బోర్ల సంఖ్య, సాగు విస్తీర్ణం, పర్యాటకుల వాడకం అందులో ఉండాలి. ఆ లెక్క బహిరంగమయ్యేవరకు ఆ పరీవాహకంలో పెద్ద భూకేటాయింపులు నిలపండి. 2025లో అధికార భాషలుగా గుర్తించిన భోటీ, పుర్గీ భాషల్లో కూడా దాన్ని ప్రచురించండి. ఊరివారు చదవలేని నివేదిక మీద తీసుకున్న సమ్మతి సమ్మతి అనిపించుకోదు.

2. భూ వినియోగ మార్పిడి, బోరు, హోటల్ లైసెన్సు, మురుగు శుద్ధి, ఈ నాలుగింటినీ ఒకే దరఖాస్తుగా పరిశీలించండి. వాణిజ్య బోర్లన్నింటినీ నమోదు చేసి, మీటర్లు బిగించి, తోడిన నీటిని ప్రతి సంవత్సరం వెల్లడించండి.

3. సాగులో ఉన్న భూమిని వాణిజ్య కట్టడాలకు మార్చేముందు చుర్పోన్ వ్యవస్థనూ, పాత నీటి వంతుల రికార్డునూ విధిగా సంప్రదించాలని ఉత్తర్వు ఇవ్వండి. కాలువలకు, ఊరి చెరువులకు ఇరువైపులా కట్టడాలు నిషేధించండి.

4. చంగ్‌పాల రుతు మకాములను, మంద దారులను, నీటి తావులను వారితో కలిసి పటాలకెక్కించండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేత హక్కును, రుతువారీ వనరుల వాడకాన్ని స్పష్టంగా పేర్కొంటోంది. ఆ హక్కుల గుర్తింపు పూర్తయ్యాకే సౌర, పవన ప్రాజెక్టుల సరిహద్దులు ఖరారు చేయండి. పలకలను నీరు లేకుండా శుభ్రం చేయాలన్న షరతును ఒప్పందాల్లోనే చేర్చండి.

5. త్సో మోరీరి, త్సో కర్ సరస్సుల చుట్టూ రక్షిత పరిధిని నేలమీద గుర్తించి, దాని లోపల వాహనాలను, క్యాంపులను ఆపండి.

6. పర్యాటక వసతి గృహాల్లో పొడి మరుగుదొడ్లను ప్రోత్సహించండి. కట్టేవారికి రాయితీ ఇవ్వండి, నీటి మరుగుదొడ్లు ఉన్నచోట మురుగు శుద్ధిని నిర్బంధం చేయండి.

7. వరద మార్గాలను గుర్తించి, అక్కడ ఇప్పటికే ఇళ్లున్న పేద కుటుంబాలకు వేరేచోట నీటి వసతితో కూడిన నివాస స్థలాలు ఇవ్వండి. ఖాళీ చేయించడం ముందు, స్థలం తరువాత అన్న పద్ధతి వద్దు.

8. ఆరో షెడ్యూలు డిమాండును నీటి కోణం నుంచి కూడా పరిశీలించండి. ఆ షెడ్యూలులోని మూడో పేరా స్థానిక మండళ్లకు భూమి కేటాయింపు, వినియోగం మీదనే కాక, వ్యవసాయానికి కాలువలను, నీటి ప్రవాహాలను వాడుకోవడం మీద కూడా చట్టాలు చేసే అధికారం ఇస్తోంది. నీటినీ భూమినీ ఒకే చేతిలో పెట్టే ఏర్పాటు అది. ప్రజాప్రయోజనం పేరిట జరిగే భూసేకరణను అది పూర్తిగా అడ్డుకోలేదన్నది నిజం. అందువల్లనే మొదటి డిమాండులోని నీటి లెక్కను దానితో ముడిపెట్టకుండా, ఇప్పుడున్న అధికారాలతోనే వెంటనే ప్రారంభించమంటున్నాను.

తెలుగు రాష్ట్రాల యాత్రా నిర్వాహకులకు, ప్రయాణికులకు కూడా ఒక మాట. బస కుదుర్చుకునే ముందు ఆ గృహానికి నీరు ఎక్కడి నుంచి వస్తోంది, మురుగు ఎక్కడికి పోతోంది అని అడగండి. గ్రామాల్లో పొడి మరుగుదొడ్డి ఉన్న ఇంటి బసను ఎంచుకోండి. సరస్సు పచ్చికమీదికి బండి దించమని డ్రైవరును ఒత్తిడి చేయకండి. మీరు అడగడం మొదలుపెడితే, సమాధానం చెప్పవలసిన అవసరం హోటల్ యజమానులకు కలుగుతుంది.

అధికారులను చివరగా కోరేది ఇది. వచ్చే మే నెలలో పర్యాటక కాలం మొదలయ్యేలోగా, కనీసం లేహ్ వాగు పరీవాహకానికీ, పాంగ్ ప్రాజెక్టు ప్రాంతానికీ నీటి లెక్కలను వెల్లడించండి. ఆ లెక్కలను మండళ్ల సమావేశాల్లోనూ, చంగ్‌పాల మకాముల్లోనూ చదివి వినిపించి, వారి అభ్యంతరాలను రాతపూర్వకంగా స్వీకరించి, ఒక్కొక్కదానికి ఇచ్చిన సమాధానాన్ని ప్రచురించండి. అంతవరకు ఆ రెండు ప్రాంతాల్లో కొత్త భూకేటాయింపు ఉత్తర్వులేవీ వెలువడకుండా చూడమని మనవి.

భవదీయుడు,
ఒక తెలుగు పౌరుడు